మార్చేవాళ్ళూ, మారాల్సినవాళ్ళూ

2008 డిసెంబరు 3న పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.0 వెర్షన్ విడుదలైంది. పాత ప్రోగ్రాములు ఇందులో నడవవని తెలిసి, కావాలనే అలా విడుదల చేసిన మొట్టమొదటి పైథాన్ ఇదేనని దాంతోపాటు వచ్చిన పత్రమే చెప్పింది. పైథాన్ 2కి అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. మధ్యలో గడిచిన పదకొండేళ్ళూ ఓపెన్ సోర్స్‌లో పనిచేసే ప్రతివాళ్ళకీ పాఠమే. ఆ పాఠం ఏమిటన్న దానిమీద మాత్రం ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. పెద్ద విడుదలలో పాతదాన్ని ఎంతవరకు కాపాడాలి? ఎక్కడ తెంచుకోవాలి? తెంచుకుంటే ఆ భారం ఎవరు మొయ్యాలి?

ఈ సంవాదంలో ఇద్దరు. అక్క హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పాత ప్రోగ్రాములు ఆగకుండా చూసుకునే ఉద్యోగి. వాటిని రాసిన విద్యార్థుల్లో చాలామంది ఎప్పుడో వెళ్ళిపోయారు. తమ్ముడు ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీని జీతం లేకుండా చూసుకునే కొద్దిమందిలో ఒకడు. వాళ్ళ లైబ్రరీకి కొత్త మేజర్ వెర్షన్ రాబోతోంది. ఇద్దరి మాటల్లోనూ బలం ఉంది. అందుకని ఇద్దరినీ పూర్తిగా వినాలి.

తమ్ముడు: వచ్చే వెర్షన్‌లో పాత ఫంక్షన్లు చాలా తీసేస్తున్నాం అక్కా. ఒకే పనికి రెండేసి పేర్లున్నవి, ఎప్పుడో తొందరలో పెట్టిన తప్పుడు డిఫాల్టులు, అన్నీ పోతాయి. ఇన్నేళ్ళూ మోశాం. వెర్షన్‌లో మొదటి అంకె మారుస్తున్నాం కాబట్టి వాడేవాళ్ళకు ముందే చెప్పినట్టే.

అక్క: చెప్పినట్టు ఎలా అవుతుందిరా? మొదటి అంకె మారిందంటే ఏదో బ్రేక్ అవుతుందని తెలుస్తుంది, అంతే. ఏది బ్రేక్ అవుతుంది, దాన్ని ఎలా సరిచేసుకోవాలి, సరిచేసుకునేదాకా నా పని ఎలా సాగాలి? ఈ మూడిట్లో దేనికీ ఆ అంకె జవాబివ్వదు. పైథాన్ వాళ్ళు కూడా 2 తీసి 3 పెట్టారు. జనం కదలడానికి దశాబ్దం పట్టింది.

తమ్ముడు: పైథాన్ 3నే తీసుకుందాం. అది నా పక్షాన సాక్షి. పైథాన్ 2లో "తెలుగు" అన్న మాటను కొటేషన్లలో పెట్టి దాని పొడవెంతో అడుగు. 18 అంటుంది. అది లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు. ఆ మాటలో మొదటి నాలుగూ తీసి ఇమ్మంటే 'త'నూ, ఎత్వంలో మూడోవంతునూ ఇస్తుంది. ఆ ముక్క చదవడానికి ఎందుకూ పనికిరాదు. పైథాన్ 3 అదే మాటకు 6 అంటుంది.

అక్క: మన కంటికి కనిపించేవి మూడే కదా.

తమ్ముడు: గుణింతపు గుర్తులకు యూనికోడ్ విడిగా సంఖ్యలిచ్చింది కాబట్టి ఆరు. కనీసం అది రాతకు సంబంధించిన లెక్క. 18 అన్నది డిస్కులో ఎంత చోటు పడుతుందన్న లెక్క. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. బైట్ల స్ట్రింగునూ యూనికోడ్ స్ట్రింగునూ కలపమంటే పైథాన్ 2 మారుమాట లేకుండా కలిపేది. ఆ బైట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల సంకేతాలైన ఆస్కీయే అని తనంతట తానే అనుకునేది. ఆస్కీ హద్దు 127. తెలుగులో ఏ అక్షరం తీసుకున్నా యూటీఎఫ్-8లో మొదటి బైటు విలువ 224. అందుకని ఇంగ్లీషు పేర్లతో ఎన్ని పరీక్షలు పెట్టినా ప్రోగ్రాం చక్కగా నడిచేది. ఎవరో ఒకరు తమ పేరు తెలుగులో రాసిన రోజున అక్కడికక్కడే ఆగిపోయేది. ఆ తప్పు ప్రోగ్రామరుది కాదు, భాషది. దాన్ని సరిదిద్దాలంటే స్ట్రింగ్ అంటే ఏమిటన్నదే మార్చాలి. అది మారితే పాత ప్రోగ్రాం నడవదు. ఇంగ్లీషుతో సరిపెట్టుకునేవాళ్ళకు ఇది అనవసరపు ఖర్చుగా కనిపించవచ్చు. తెలుగులో పనిచేసేవాళ్ళకు మాత్రం ఆలస్యంగా దక్కిన న్యాయం.

అక్క: ఆ ఒక్క మార్పు గురించైతే నీతో వాదనే లేదు. అది జరగాల్సిందే. కానీ ఆ విడుదలలో అదొక్కటే రాలేదు. ప్రింట్‌కు బ్రాకెట్లు పెట్టమన్నారు. భాగహారం అర్థం మార్చారు. నంబరునూ ఖాళీ విలువనూ ఏది పెద్దదని పోల్చడం కుదరదన్నారు. ఇవన్నీ ఒకే మూటలో కట్టి ఇచ్చారు. వీటిలో మళ్ళీ రెండు రకాలున్నాయి. బ్రాకెట్లు లేని ప్రింట్ మొదలుపెట్టగానే ఎర్రర్ ఇస్తుంది. ఎక్కడ తప్పో చూపిస్తుంది, దిద్దుకుంటాను. భాగహారం అలా కాదు. 7ను 2తో భాగిస్తే పైథాన్ 2లో 3, పైథాన్ 3లో 3.5. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, జవాబు మాత్రం మారిపోతుంది. కొలతల మీద లెక్కలు వేసే ప్రోగ్రాంలో అలాంటి గీత ఒక్కటి ఉంటే చాలు. ఫలితం తప్పని ఎవరికైనా అనుమానం వచ్చేదాకా తప్పు దొరకదు. ప్రోగ్రాం ఆగిపోతే నాకు ఒక రోజు పోతుంది. నడుస్తూ వేరే జవాబిస్తే దానిమీద నమ్మకమే పోతుంది.

తమ్ముడు: భాగహారం సంగతి చెప్పాపెట్టకుండా చెయ్యలేదు. 2001లో వచ్చిన పైథాన్ 2.2లోనే ఫ్యూచర్ ఇంపోర్ట్ పెట్టారు. ఫైలు పైన ఒక్క గీత రాసుకుంటే కొత్త భాగహారం అప్పుడే వచ్చేది. పైథాన్ 3 వచ్చేనాటికి ఏడేళ్ళు. 2.6లో ఒక స్విచ్ ఇచ్చారు, అది వేసి నడిపితే పైథాన్ 3లో కుదరనివాటి గురించి హెచ్చరిస్తుంది. టూ-టు-త్రీ అని పాత కోడును కొత్తదిగా మార్చే పనిముట్టు ఇచ్చారు. ఇంతకంటే ఏం చెయ్యాలి?

అక్క: ఆ పనిముట్టు వెనక ఉన్న ఊహే తప్పు. కోడును ఒకసారి మార్చేస్తారు, ఆ తర్వాత పాతదాని ముఖం చూడరు అనుకున్నారు. లైబ్రరీ రాసేవాళ్ళకు అది కుదురుతుందా? వాళ్ళ లైబ్రరీని వాడేవాళ్ళలో సగం మంది 2లోనే ఉన్నారు. కొందరు 3కు వెళ్ళాలంటున్నారు. లైబ్రరీ రెండింటిలోనూ నడవాలి. ఒక ప్రోగ్రాం ఇరవై లైబ్రరీల మీద ఆధారపడితే, ఆ ఇరవైలో ఆఖరిది మారేదాకా ఆ ప్రోగ్రాం కదలలేదు. ఆ ఆఖరి లైబ్రరీ వాళ్ళేమో "వాడేవాళ్ళెవరూ మారలేదు కదా, మాకు తొందరేముంది" అంటారు. ఒకే ప్రాసెస్‌లో పైథాన్ 2 మాడ్యూలూ పైథాన్ 3 మాడ్యూలూ కలిసి పనిచేసే ఏర్పాటు లేదు. ఒకరికోసం ఒకరు ఆగి, అందరూ అక్కడే ఆగిపోయారు. ఇది జనం బద్ధకం కాదు. ఆ ఏర్పాటులోనే ఉన్న చిక్కు.

తమ్ముడు: రెండింటిలోనూ నడిచేలా రాయడం సాధ్యమే అయిందిగా. సిక్స్ అనే చిన్న లైబ్రరీ పెట్టుకుని అందరూ అలాగే రాశారు.

అక్క: సాధ్యమయింది. ఎప్పుడు, ఎలా అన్నది చూడు. పైథాన్ 2లో యూనికోడ్ స్ట్రింగ్ రాయాలంటే కొటేషనుకు ముందు 'యు' పెట్టాలి. పైథాన్ 3లో స్ట్రింగులన్నీ యూనికోడే కాబట్టి 'యు' అక్కర్లేదని దాన్ని తీసేశారు. తీసేస్తే ఏమయింది? యూనికోడ్‌ను శ్రద్ధగా వాడినవాళ్ళ ఫైళ్ళే ముందు ఆగిపోయాయి. నువ్వు చెప్పిన న్యాయం కోసం పాత పైథాన్‌లోనే కష్టపడినవాళ్ళు వాళ్ళు. ఆ ఒక్క అక్షరాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే చాలు, వాళ్ళ కోడు రెండింటిలోనూ చదవడానికి వచ్చేది. 2012 సెప్టెంబరులో 3.3తో దాన్ని వెనక్కి తెచ్చారు. అంటే నాలుగేళ్ళకు దగ్గర. బైట్లలో పర్సెంట్ గుర్తుతో ఖాళీలు నింపే పద్ధతి తీసేశారు. నెట్‌వర్క్ ప్రోటోకాల్‌ల మీద పనిచేసేవాళ్ళకు, మెర్క్యూరియల్ అనే వెర్షన్ కంట్రోల్ పనిముట్టులాగా ఫైళ్ళను బైట్లుగానే చూసేవాళ్ళకు అది రోజూ కావాలి. 2015లో 3.5తో అదీ తిరిగొచ్చింది. జనం కదలడం మొదలుపెట్టింది ఇవి తిరిగొచ్చాకే.

తమ్ముడు: అవే కారణమని ఎలా అంటావు? జాంగో, నంపై లాంటి పెద్ద లైబ్రరీలు మారాక మిగతావాళ్ళు మారారు.

అక్క: జాంగో రెండింటిలోనూ నడిచే ఒకే కోడు పెట్టుకుని మారింది. పైథాన్ 2ను అది పూర్తిగా వదిలింది 2017 డిసెంబరులో 2.0తో. అప్పటిదాకా ఒకే కోడుతో ఇద్దరికీ పనిచేసింది. రాజమండ్రిలో హేవ్‌లాక్ వంతెన చూశావుగా. 1900 నుంచి 1997 దాకా రైళ్ళను మోసింది. కొత్త ఆర్చ్ వంతెన సిద్ధమయ్యాకే దానికి విశ్రాంతినిచ్చారు.

తమ్ముడు: పైథాన్ వాళ్ళూ పాత వంతెన కూల్చలేదు కదా! 2010 జులైలో 2.7 ఇచ్చి, 2020 దాకా దిద్దుతూ వచ్చారు. పదేళ్ళు.

అక్క: కూల్చలేదు, నిజమే. కానీ కొత్త వంతెన మీద పట్టాల వెడల్పు పాతదే ఉంది కాబట్టి అదే రైలు అటు మళ్ళింది. 3.0 నుంచి 3.2 దాకా పైథాన్ ఇవ్వనిది అదే. పాతదాన్ని ఎన్నేళ్ళు ఉంచావన్నది ఒక లెక్క. ఒకే కోడు రెండుచోట్లా నడుస్తుందా అన్నది ఇంకో లెక్క. రెండోది లేకపోతే మొదటిదానివల్ల వాయిదా తప్ప ఏమీ దక్కదు.

తమ్ముడు: వాయిదా సంగతి ఎత్తావు కాబట్టి అదీ మాట్లాడుకుందాం. 2.7కు మద్దతు మొదట 2015 దాకా అన్నారు. 2014లో దాన్ని 2020కి పొడిగించారు. ఆ ఐదేళ్ళూ అందరూ మారడానికే వాడుకున్నారంటావా? చాలామంది 2019 దాకా కూర్చున్నారు. 2.8 అనేది ఎప్పటికీ రాదని పెప్ 404 అని ప్రత్యేకంగా పత్రం రాసి మరీ చెప్పాల్సి వచ్చింది. ఇంకో ఉదాహరణ చూడు. కలెక్షన్స్ అనే మాడ్యూల్‌లోంచి మ్యాపింగ్ లాంటి పేర్లను 3.3లోనే వేరేచోటికి మార్చి, పాతచోట ఉన్నవి పోతాయని ఆ తర్వాత చెప్పారు. 3.9లో తీసెయ్యబోయి, పైథాన్ 2 నుంచి అప్పుడే వస్తున్నవాళ్ళు ఇబ్బంది పడతారని ఇంకొక్క విడుదల ఆగారు. 2021లో 3.10తో తీశారు. కొత్తచోటు వచ్చి తొమ్మిదేళ్ళయినా ఎన్నో ప్యాకేజీలు ఆ రోజే మొదటిసారి విన్నట్టు ఆగిపోయాయి. గడువుకు పట్టింపు లేకపోతే ఎవరూ కదలరక్కా.

అక్క: ఎందుకు విన్నట్టు లేదో తెలుసా? ఆ హెచ్చరిక వాళ్ళకు కనపడలేదు. డెప్రికేషన్ వార్నింగ్ అనేదాన్ని 2.7 నుంచి, అటు 3.2 నుంచి మామూలుగా చూపించడం మానేశారు. ప్రోగ్రాంను వాడే మామూలు మనిషికి అర్థంకాని సందేశాలు ఎందుకని దాచారు. ఆ ఆలోచన మంచిదే. కానీ ప్రోగ్రాం రాసినవాడికీ అవి కనపడకుండా పోయాయి. 2018లో 3.7తో నేరుగా నడిపే మొదటి ఫైలులో ఉన్నవాటి వరకు మళ్ళీ చూపించారు. లైబ్రరీ లోపలివి అప్పుడూ దాగే ఉన్నాయి. మీ పత్రాల్లో రాశారు, మీ విడుదల నోట్సులో రాశారు. అక్కడికి నేను వచ్చి చదవాలి. నా తెర మీదికి మీరు రాలేదు. తొమ్మిదేళ్ళయినా తొంభై ఏళ్ళయినా, అవతలివాడికి చేరనిదాన్ని హెచ్చరిక అనకూడదు.

తమ్ముడు: హెచ్చరికలు చూపించే స్విచ్ తిప్పుకోవడం వాడేవాళ్ళ చేతుల్లోనే ఉంది. టెస్టులు నడిపేటప్పుడు హెచ్చరికలను ఎర్రర్లుగా చూపించమంటే చూపిస్తుంది. పైటెస్ట్ లాంటివి అడగకుండానే వాటన్నిటినీ చివర్లో జాబితాగా ఇస్తాయి. చూసేవాళ్ళేరీ? సరే, ఇంకో మాట. పాతదాన్ని కాపాడడమే ధర్మం అన్నట్టు మాట్లాడుతున్నావు. కాపాడడానికీ ఖరీదుంది. సీ భాషలో గెట్స్ అనే ఫంక్షన్ ఉండేది. ఎంత పొడుగు గీత వచ్చినా హద్దు చూడకుండా చదివేసి, పక్క జ్ఞాపకాన్ని పాడుచేసేది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసినప్పుడు వాడుకున్న దారుల్లో అదొకటి, ఫింగర్ సర్వర్‌లో ఉన్న గెట్స్. అంతా తెలిసి కూడా ఆ మరుసటేడు వచ్చిన సీ ప్రమాణంలో దాన్ని ఉంచారు. ఎందుకు? పాత ప్రోగ్రాములు వాడుతున్నాయి కాబట్టి. ప్రమాణంలోంచి పోయింది 2011లో. ఇరవైమూడేళ్ళు! ఆ కనికరం ఎవరిమీద చూపినట్టు?

అక్క: ప్రమాదకరమైనది పోవాలి. భద్రతకు సంబంధించినవాటికి వేరే లెక్క, నేను ఒప్పుకుంటాను. అయితే అక్కడ కూడా పైథాన్ వాళ్ళే మంచి దారి చూపించారు. 2011 చివర్లో హ్యాష్‌లతో సర్వర్లను ముంచే దాడి బయటపడింది. నివారణగా హ్యాష్‌లను ప్రతిసారీ మార్చాలి. అలా మారిస్తే డిక్షనరీలో అంశాల వరుస మారుతుంది. ఆ వరుసకు హామీ ఎవరూ ఇవ్వలేదు, అయినా జనం దానిమీద ఆధారపడి ఉన్నారు. అప్పుడు 2.7లో దాన్ని కావాలన్నవాళ్ళు వేసుకునే స్విచ్‌గా ఇచ్చారు. కొత్తగా వస్తున్న 3.3లో అందరికీ పెట్టారు. పాతవాడు అనుకోకుండా పడిపోలేదు, కొత్తవాడికి రక్షణ దొరికింది. ఒకే మార్పు, రెండుచోట్ల రెండు తీర్లు. నేను అడిగేది ఆ వివేకమే.

తమ్ముడు: నువ్వు లినక్స్ పేరు ఎత్తుతావనుకున్నాను.

అక్క: ఎత్తుతాను. కెర్నెల్ మారినందువల్ల దానిమీద నడిచే ప్రోగ్రాం ఆగితే తప్పు కెర్నెల్‌దేనని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్నిసార్లు గట్టిగా చెప్పాడో అందరికీ తెలుసు. ప్రోగ్రాం రాసినవాడు తప్పు పద్ధతిలో రాశాడన్న సాకు కూడా అక్కడ చెల్లదు.

తమ్ముడు: అదే లినక్స్ తన లోపలి ఇంటర్‌ఫేస్‌లకు ఏ హామీ ఇవ్వదు. డ్రైవర్లు వాడే ఫంక్షన్లు విడుదల విడుదలకూ మారుతుంటాయి. అలా ఉండడమే మేలని కెర్నెల్ పత్రాల్లో దాని నిర్వాహకుల్లో ఒకడైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన వ్యాసమే ఉంది. అంటే వాళ్ళు కూడా ఒక గీత గీసుకున్నారు. గీతకు బయట మాట తప్పరు, లోపల స్వేచ్ఛ. నేను అడిగేది కూడా ఆ గీత గీసుకునే హక్కే.

అక్క: మంచి మాట అన్నావు. ఆ గీత లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పు. ఇంటర్‌ఫేస్ మార్చినవాడే కెర్నెల్ సోర్స్‌లో దాన్ని వాడుతున్న డ్రైవర్లన్నిటినీ దిద్దుతాడు. మార్చేది ఒకడు, దిద్దుకునేది ఇంకొకడు కాదు. స్వేచ్ఛ తీసుకున్నవాడే భారం మోస్తాడు. పైథాన్ 3 విషయంలో మార్చింది కొద్దిమంది, దిద్దుకోవాల్సి వచ్చింది ప్రపంచమంతా.

తమ్ముడు: ప్రపంచమంతటి కోడు మేం ఎలా దిద్దుతాం? జీతం లేదు, ఖాళీ వేళల్లో చేస్తాం. ఒక పాత ఫంక్షన్ ఉంచితే దానికి టెస్టులు రాయాలి, పత్రాలు రాయాలి, దానిమీద వచ్చే బగ్గులు చూడాలి. రెండు శాఖలు నడిపితే ప్రతి దిద్దుబాటూ రెండుసార్లు చెయ్యాలి. ఇవి కనపడని చాకిరీ. ఇవి మోయలేక మానేసిన నిర్వాహకులు ఎందరో. నిర్వాహకుడు వెళ్ళిపోయిన లైబ్రరీ పాతదాన్నీ కాపాడదు, కొత్తదాన్నీ ఇవ్వదు. సమయం కావాలన్న సంస్థలు డబ్బిచ్చి కొనుక్కోలేదా? రెడ్‌హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో పైథాన్ 2.7ను 2024 జూన్ దాకా చూసింది. ఆగాలనుకున్నవాళ్ళు ఆ ఖర్చు పెట్టుకోవడం న్యాయం.

అక్క: అది న్యాయమే. నీ చాకిరీని నేను తక్కువ చెయ్యను. అందుకే ఏమీ మార్చకు అనలేదు. తక్కువ ఖర్చుతో దాటించే దారులు ఈ పదేళ్ళలో చాలామంది కనిపెట్టారు, వాటిని చూడమంటున్నాను. రస్ట్‌లో ఎడిషన్లున్నాయి: 2015, 2018, 2021, 2024. ప్రతి ప్యాకేజీ తన ఎడిషన్ తనే ప్రకటించుకుంటుంది. పాత ఎడిషన్ ప్యాకేజీ, కొత్త ఎడిషన్ ప్యాకేజీ ఒకే ప్రోగ్రాంలో కలిసి పనిచేస్తాయి. ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు. గో భాష 2012లో మాట ఇచ్చింది, గో 1కి రాసిన ప్రోగ్రాములు ముందు ముందు కూడా నడుస్తాయని. లూప్ వేరియబుల్ విషయంలో అందరూ తప్పులో పడుతున్నారని 2024లో 1.22తో దాని అర్థమే మార్చాల్సి వచ్చింది. ఏం చేశారు? తన ఫైలులో 1.22 అనో అంతకంటే కొత్తదనో రాసుకున్న మాడ్యూల్‌కే కొత్త అర్థం. మిగతావాళ్ళకు పాతదే. భాగహారంలాంటి మార్పే, కానీ అడగనివాడి జవాబు మారలేదు.

తమ్ముడు: ఇవి పైథాన్‌కు అతకవక్కా. ఎడిషన్లు మార్చగలిగేది రాసే తీరునే. కంపైలర్ లోపలికి వెళ్ళాక అన్నీ ఒకటే అవుతాయి. స్ట్రింగ్ అలాంటిది కాదు. అది ఒక మాడ్యూల్‌లో పుట్టి ఇంకో మాడ్యూల్‌కు వెళ్ళే డేటా. పాత ఎడిషన్ మాడ్యూల్ బైట్లు పంపితే, కొత్త ఎడిషన్ మాడ్యూల్ దాన్ని ఏమనుకోవాలి? మళ్ళీ ఎవరో ఒకరు ఊహించాలి. ఆ ఊహే కదా అసలు జబ్బు! ప్రింటూ భాగహారమూ ఫైలుకు ఒక తీరుగా పెట్టవచ్చు, ఫ్యూచర్ ఇంపోర్ట్ చేసింది అదే. స్ట్రింగును పెట్టలేం. అక్కడ తెంచుకోవాల్సిందే.

అక్క: ఈ వాదనకు నా దగ్గర ఎదురు లేదు. స్ట్రింగ్ విషయంలో ఎక్కడో ఒకచోట తెంచుకోవాల్సిందే. అయితే అది నా మాటనే బలపరుస్తుంది. తెంచక తప్పనిది ఒక్కటుంటే, తెంచనక్కర్లేనివాటిని దాంతో కలిపి ఎందుకు కట్టాలి?

తమ్ముడు: ఐదుసార్లు ఏడిపించేకంటే ఒకసారే మేలు కదా. ప్రతి విడుదలకూ ఏదో ఒకటి మారుతుంటే వాడేవాళ్ళు ఇంకా విసిగిపోతారు.

అక్క: ప్రకటన ఒకసారే చెయ్యి. దాటడం మాత్రం కొంచెం కొంచెంగా జరగనివ్వు. పైథాన్ 2 వైపు ఆ మెట్లు ఉన్నాయి, 2.6, 2.7 కొత్తవైపుకు జరిగాయి. 3 మాత్రం పాతవైపుకు పెద్దగా దిగలేదు, 3.3 దాకా. నంపై వాళ్ళు 2024 జూన్‌లో 2.0 ఇచ్చారు. 2006 తర్వాత వాళ్ళకు అదే మొదటి మేజర్ వెర్షన్. సీలో రాసిన ఎక్స్‌టెన్షన్లు మళ్ళీ కంపైల్ చేసుకోక తప్పదన్నారు. కానీ 2.0తో కంపైల్ చేసింది పాత 1.x మీద కూడా నడిచేలా చేశారు. ప్యాకేజీ చేసేవాళ్ళు ఒక్క బిల్డుతో ఇద్దరికీ సరిపెట్టారు. పాత పేర్లను కొత్తవిగా మార్చే నియమం రఫ్ అనే పనిముట్టులో పెట్టారు. వాళ్ళూ నీలాంటివాళ్ళే.

తమ్ముడు: పైథాన్ వాళ్ళు కూడా ఆ పాఠం నేర్చుకున్నారు. గిల్ అనే తాళం తీసేసి థ్రెడ్లు నిజంగా ఒకేసారి నడిచేలా చెయ్యాలన్న పెప్ 703 వచ్చినప్పుడు, పైథాన్ 3 అనుభవం మళ్ళీ వద్దని స్టీరింగ్ కౌన్సిల్ మొదటే చెప్పింది. 3.13లో దాన్ని విడి బిల్డుగా ప్రయోగానికి ఇచ్చారు. 3.14లో అధికారికంగా మద్దతిచ్చినా, కావాలన్నవాళ్ళే తీసుకుంటారు. అందరూ దానికి మారాల్సిన రోజంటూ ఇంకా పెట్టలేదు. కుదరకపోతే వెనక్కి తీసుకునే వీలు కూడా ముందే ఉంచుకున్నారు. ఇవన్నీ నేను మెచ్చుకుంటాను. అయినా నేను అడిగేది ఒకటుంది. మీవైపు నుంచి ఏం వస్తుంది? పైథాన్‌కు ఏటా మేలో బీటా వస్తుంది, అక్టోబరులో అసలు విడుదల. ఆ ఐదు నెలల్లో మీ పాత ప్రోగ్రాములను దానిమీద నడిపి చూసేవాళ్ళు ఎందరు? మీలాంటి సంస్థల్లో ఏముందో మాకు కనపడదు. మీరు చెప్పకపోతే ఎవరూ వాడట్లేదనే అనుకుంటాం.

అక్క: అది మేం చెయ్యాల్సిన పనే. చేస్తాం. మీ రిలీజ్ క్యాండిడేట్ వచ్చిన రోజు నుంచి మా ప్రోగ్రాములు దానిమీద నడుస్తాయి, ఏది చెడిందో రాసి పంపుతాం. కానీ మూడు షరతులు. తీసేసేవాటికి మీ ప్రస్తుత వెర్షన్‌లోనే కొత్త పేరు పెట్టండి, అప్పుడు ఒకే కోడు రెండింటిలోనూ నడుస్తుంది. హెచ్చరికలో ఆ కొత్త పేరు రాయండి, అది ప్రోగ్రాం రాసేవాడి తెరమీద కనపడాలి. అర్థం మార్చాల్సిన ఫంక్షనుంటే పాత పేరుతో కొత్త జవాబు ఇవ్వొద్దు. ఆ పేరు తీసేసి ఎర్రర్ ఇవ్వండి, కొత్తదానికి కొత్త పేరు పెట్టండి.

తమ్ముడు: మొదటిదీ మూడోదీ ఒప్పుకుంటాను, నా తోటివాళ్ళనూ ఒప్పిస్తాను. రెండోదానికి కొంత పని ఉంది, చేస్తాం. గడువు మాత్రం ఒకసారి ప్రకటించాక మార్చం. మారుస్తామని తెలిస్తే ఎవరూ బయల్దేరరు.

అక్క: మార్చొద్దు. మధ్యలో దారి ఉంటే గడువు గట్టిగానే ఉండాలి.

ఇద్దరూ ఒప్పుకున్నంత మేర ఈ వ్యాసకర్త అభిప్రాయమూ అదే. పైథాన్ 3 చేసిన అసలు మార్పు సరైనది. ఈరోజు మన భాషలో ఒక పేరు, ఒక చిరునామా, ఒక పద్యం ఏ పైథాన్ ప్రోగ్రాంలోనైనా వెయ్యి జాగ్రత్తలు లేకుండా ఇమడగలుగుతోందంటే అందుకు ఆ తెగింపు కారణం. తొలి నాలుగేళ్ళలో రెండు వైపులా నడిచే ఒకే కోడుకు చోటివ్వకపోవడం ఆ విడుదలలోని లోపం. అక్కర్లేని భారం ప్రపంచం మీద పడింది ఆ లోపంవల్లనే. మార్చే హక్కు నిర్వాహకులది, అందులో సందేహం లేదు. ఆ హక్కు వాడుకునేటప్పుడు దాటే దారి కట్టడం కూడా వాళ్ళ పనిలో భాగమే. ఆ దారిలో మొదటి రోజునే నడిచి చూసి, ఎక్కడ గుంట ఉందో చెప్పడం వాడుకునేవాళ్ళ పని.

తెలుగువాళ్ళలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద రోజూ ఆధారపడి బతికేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఈ వ్యాసం చదివేవాళ్ళలో మీరూ ఒకరైతే ఒక పని చెయ్యండి. మీరు ఎక్కువగా వాడే లైబ్రరీ తర్వాతి విడుదల బీటా రాగానే మీ ప్రోగ్రాములను దానిమీద నడపండి. హెచ్చరికలు కనపడేలా పెట్టుకోండి. తెలుగు పేర్లతో, తెలుగు వాక్యాలతో కూడా పరీక్షించండి. తప్పు కనిపిస్తే విడుదల కాకముందే నిర్వాహకులకు రాయండి. విడుదలయ్యాక చేసే ఫిర్యాదు కంటే ముందు రాసిన ఒక్క బగ్ రిపోర్టు ఎక్కువమందికి మేలు చేస్తుంది.